ఉపసంహారము లేని అస్త్రము

శ్రీమద్రామాయణము బాలకాండమున, తాటకావధానంతరము విశ్వామిత్ర మహర్షి శ్రీరామచంద్రునకు దివ్యాస్త్రములను ఉపదేశించిన ఘట్టము భక్తులెల్లరకు పరిచితమే. దండచక్రము, ధర్మచక్రము, కాలచక్రము మొదలుకొని ఒక్కొక్క అస్త్రమును మహర్షి పేరుపేరున అనుగ్రహించెను. అస్త్రాధిదేవతలు చేతులు జోడించి ఆ బాలుని ఎదుట నిలిచిరి. పదునారేండ్లైనను నిండని రాజకుమారుడు. చేతికి వచ్చినదో, లోకములను దహింపగల శక్తి. ఇట్టి సమయమున ఏ బాలుడైనను ఏమి అడుగును? వీనిలో ఏది గొప్పదని అడుగును. ఎంత దూరము పోవునని అడుగును. రామచంద్రుడు అట్లడుగలేదు. దారి నడచుచునే ఆయన మహర్షిని కోరినది ఒక్కటే. ఈ అస్త్రములను ఉపసంహరించు విధానమును కూడ తెలుపుడని కోరెను. మహర్షి సంతోషించి దానిని కూడ ఉపదేశించెను.

అస్త్రవిద్యకు ప్రయోగము, ఉపసంహారము అని రెండు అంగములు. మొదటిది తెలిసి రెండవది తెలియనివానికి అస్త్రవిద్య వచ్చినదని మన పెద్దలు అంగీకరింపలేదు. ఈ సంగతిని నేడు మరల తలచుకొనవలసిన అవసరము కలిగినది. ఏలయన, రాబోవు కాలపు ఆయుధములు ఎట్లుండునో ఊహించి చిత్రించుట నేడొక కళగాను, ఒక వృత్తిగాను పెరిగినది. చలనచిత్రముల కొరకును, కంప్యూటరు ఆటల కొరకును చిత్రకారులు ఎన్నడును లేని తుపాకులను గీయుచున్నారు. గుండునకు బదులు కాంతిని చిమ్మునవి, శత్రువు ఎటు పరుగిడినను వెంటాడునవి, యజమాని చేతిని మాత్రమే గుర్తించునవి, ఇట్లు ఆ ఊహలకు అంతము లేదు. వానిని చూచిన పిల్లలు తమ నోటుపుస్తకముల వెనుక పుటలలో అట్టివే గీయుచున్నారు. చూపరులు అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: ఇది నిజముగా పనిచేయునా? ఈ ప్రశ్న మంచిదే. కాని ఆయుధము పనిచేయుట అనగా నేమి? గుండు వెలువడుటయేనా? ఆ సంగతి తేలనిదే ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

ఈ విచారణకు ఇందూరు సీమ, అనగా నేటి నిజామాబాదు జిల్లా, మిక్కిలి తగిన తావు. నిజామాబాదు నుండి బోధనునకు పోవు యాత్రికులు దారిలో జానకంపేట శ్రీలక్ష్మీనరసింహస్వామిని సేవించుకొని, అచటి అష్టముఖి కోనేటిని దర్శింతురు. బోధనులో ఏకచక్రేశ్వరాలయము కలదు. మహాభారతమునందలి ఏకచక్రపురము ఇదియేయని స్థానికుల విశ్వాసము. ఇతర ప్రాంతములవారు కొందరు తమ ఊరినే ఏకచక్రమని చెప్పుకొందురు గాని, ఆ వివాదము ఇచట అప్రస్తుతము. షోడశ మహాజనపదములలో ఒకటియైన అశ్మకమునకు రాజధానియగు పోదనము ఈ బోధనేయని పెక్కు చరిత్రకారుల మతము. జైనపురాణములలో బాహుబలి ఏలిన పౌదనపురమును కూడ ఇదియేయని పలువురు చెప్పుదురు. నరసింహుడు, భీముడు, బాహుబలి ముగ్గురి గాథలును ఒకే దారి వెంట తలపునకు వచ్చుచున్నవి. ఈ మూడు గాథలును ఆయుధమును గూర్చినవే. విశేషమేమనగా, ఈ మూడింటిలోను ఆయుధము గెలువలేదు. ఆ సంగతికి తరువాత రావచ్చును. మొదట సాధ్యాసాధ్యముల మాట.

ఊహించిన ఆయుధము చేతికి వచ్చుట ఎంత కష్టమో ఆయుధశిల్పుల చరిత్రయే చెప్పుచున్నది. 1960వ దశకమున అమెరికాలో గైరోజెట్ అను పిస్తోలు పుట్టినది. దాని గుండు నిజమునకు ఒక చిన్న రాకెట్టు. మామూలు గుండు గొట్టమును వదలునప్పుడే పూర్తి వేగముతో నుండును. ఈ రాకెట్టు గొట్టమును వదలిన పిమ్మటనే క్రమముగా వేగము పుంజుకొనును. కనుక దగ్గరనున్న లక్ష్యముపై దాని దెబ్బ బలహీనము. దూరమున గురి నిలువదు. పిస్తోలుతో పనిబడునది దగ్గరి పోరునందే కదా! అచటనే అది చాలకపోయెను.

పశ్చిమ జర్మనీలో హెక్లర్ అండ్ కాఖ్ సంస్థ ఇత్తడి తొడుగు లేని తూటాలతో జి-11 అను రైఫిలును రూపొందించుటకు ఇంచుమించు ఇరువదియేండ్లు శ్రమించెను. తొడుగు లేనిచో బరువు తగ్గును; సైనికుడు ఎక్కువ తూటాలను మోయగలుగును. ఊహ చక్కనిదే. కాని తూటా పేలినపుడు పుట్టు వేడిమిలో కొంత భాగమును ఆ ఇత్తడి తొడుగే తనతో బయటికి కొనిపోవుచుండెను. తొడుగు తీసివేయగా వేడిమి తుపాకిలోనే నిలిచి, మీట నొక్కకయే తూటా పేలు ప్రమాదము తొలి నమూనాలలో కనబడెను. ఆ లోపమును చాలవరకు సరిదిద్దిరి. అయినను 1990లో రెండు జర్మనీలు ఏకమై, ప్రచ్ఛన్నయుద్ధము ముగియుటతో ఆ రైఫిలు సైన్యమునకు చేరకయే నిలిచిపోయెను. బరువని తీసివేసిన తొడుగు అంతవరకు తుపాకిని చల్లబరచు పని కూడ చేయుచుండెను. విద్యుచ్ఛక్తితో గుండును విసరు రైలుగన్నుపై అమెరికా నౌకాదళము పెక్కేండ్లు పరిశోధించి 2021లో ఆ ప్రయత్నమును విరమించెను. అంతటి వేగమునకు గొట్టములోని లోహపు పట్టాలు త్వరగా అరిగిపోవుట దానిని వేధించిన కష్టములలో ఒకటి. జపాను మాత్రము ఆ ప్రయోగములను కొనసాగించి 2023లో ఓడపై నుండి దానిని పేల్చినది.

మన తెలుగునాటనే ఒక ఊహ ఫలించుట కూడ కలదు. 2025 ఏప్రిల్ 13వ తేదీన కర్నూలు వద్ద రక్షణ పరిశోధన సంస్థ వారు 30 కిలోవాట్ల లేసరు ఆయుధమును ప్రదర్శించి, ఆకాశమున ఎగురు డ్రోనులను కాంతితోనే కూల్చిరి. హైదరాబాదులోని ఆ సంస్థ శాఖయే దాని రూపకల్పనకు ప్రధాన స్థానము. కాంతిరేఖకు మంచు, ధూళి, వాన అడ్డుపడును. లక్ష్యముపై అది కొంతసేపు నిలిచిననే గాని లోహము కరగదు. ఇట్టి పరిమితులు ఉన్నను, నిన్నటి కథలోని ఆయుధము నేడు రాయలసీమ బయలున పనిచేసినది. కాబట్టి కాగితముపై గీసిన ప్రతి ఆయుధమును చూచి ఇది జరుగునది కాదని నవ్వుటకు వీలులేదు.

ఇట్టి వార్తలు వినినపుడు కొందరు ఆస్తికులు, ఆగ్నేయాస్త్రమనగా నేటి క్షిపణియేననియు, మన పూర్వులకు ఇవన్నియు తెలియుననియు సంబరపడుట కలదు. భక్తి చేతనే అట్లందురు గాని, అది ఇతిహాసమునకు గౌరవము కాదు. వాల్మీకి గాని వ్యాసుడు గాని అస్త్రమును తయారుచేయు విధానమును చెప్పలేదు. అది వారి ఉద్దేశ్యము కాదు. అస్త్రమును ఎవరికి ఈయవలెను, ఎప్పుడు విడువవలెను, విడిచినదానిని ఎట్లు మరలింపవలెను అనునవియే వారు చెప్పిన విషయములు. ప్రపంచమున తుపాకిని చేయు శాస్త్రము పెరిగినది. ఈ శాస్త్రము అంతగా పెరుగలేదు. మన గ్రంథముల విలువ ఆ రెండవదానియందున్నది.

వనపర్వమునందొక చిన్న ఘట్టము కలదు. అర్జునుడు స్వర్గమున దివ్యాస్త్రములు సంపాదించి తిరిగివచ్చెను. ధర్మరాజు కుతూహలముతో వానిని చూపుమనెను. అర్జునుడు శుచియై, గాండీవము ధరించి, ఒక్కొక్కటిగా చూపుటకు ఉపక్రమించెను. భూమి వణకెను, నదులు క్షోభించెను, గాలి స్తంభించెను. అప్పుడు నారద మహర్షి వచ్చి వారించెను. లక్ష్యము లేనిదే అస్త్రము ప్రయోగింపరాదు. లక్ష్యమున్నను, గత్యంతరము లేని ఆపదయందు తప్ప ప్రయోగింపరాదు. ఇది వినోదమునకు కాదని ఆయన బోధించిన సారము. ప్రయోగింపక ముందే, కేవల ప్రదర్శనకే భూమి కంపించినది. ఆయుధమును వేడుకగా చూచు అలవాటు సామాన్యమైనది కాదని భారతము ఇంతకంటె స్పష్టముగా ఎట్లు చెప్పగలదు?

ఇక సౌప్తికపర్వము. అశ్వత్థామ ఒక గడ్డిపోచను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచెను. శ్రీకృష్ణుని ఆనతిపై దానిని శాంతింపజేయుటకే అర్జునుడును అదే అస్త్రమును విడిచెను. రెండింటి నడుమ నారద వ్యాసులు నిలిచి ఉపసంహరింపుడనిరి. అర్జునుడు తన అస్త్రమును మరలించెను. అశ్వత్థామ మరలింపలేకపోయెను. బ్రహ్మచర్యవ్రతము, సత్యనిష్ఠ, గురుశుశ్రూష కలవానికి గాని అది మరలదని వ్యాసుడు కారణము చెప్పెను. ఇద్దరి గురువును ద్రోణుడే, అస్త్రమును ఒక్కటే. విడుచుటయందు ఇద్దరును సమర్థులే. తేడా అంతయు మరలించుటయందే తేలినది. మరలని ఆ అస్త్రము ఉత్తర గర్భమునందలి శిశువుపై పడినది. శత్రువును చంపదలచి విడిచిన ఆయుధము చివరకు పుట్టని బిడ్డను వెదకుకొని పోయెను. శ్రీకృష్ణుని అనుగ్రహము చేతనే పరీక్షిత్తు బ్రదికెను.

అదే సందర్భమున వ్యాసుడు మరియొక మాట చెప్పెను. బ్రహ్మశిరమును మరియొక మహాస్త్రముతో అణచిన దేశమున పండ్రెండేండ్లు వాన కురియదట. అనగా ఆయుధమునకు ఆయుధముతో సమాధానము చెప్పుట సాధ్యమే కాని, దాని మూల్యమును చెల్లించునది ఆ నేలను దున్నుకొను రైతు. నిజాంసాగరు కాలువ నీటికై ఎదురుచూచిన ఇందూరు సీమ రైతునకు, పండ్రెండేండ్ల అనావృష్టి యనగా ఏమో ఎవ్వరును విప్పి చెప్పనక్కరలేదు.

ఉపసంహారమనగా కేవల పురాణవిషయమని తలంపరాదు. బోధను వద్ద శక్కర్‌నగరులో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని ప్రసిద్ధి చెందెను. 2015 డిసెంబరున మూతపడెను. అట్టి కర్మాగారములలో చెరకు పిప్పిని మండించి, బాయిలరులో నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితోనే యంత్రములను నడుపుదురు. బాయిలరునకు సేఫ్టీ వాల్వు ఉండి తీరవలెను. ఒత్తిడి హద్దు మీరినపుడు అది తనంతట తెరుచుకొని ఆవిరిని వెలికి విడుచును. ఆ వాల్వు లేని బాయిలరును, అది ఎంత ఆవిరి పుట్టించునదైనను, పూర్తియైన యంత్రమని ఏ ఇంజనీరును అంగీకరింపడు. దానిని మండించుటకు చట్టము అనుమతింపదు. చక్కెర చేయు యంత్రమునకే ఇంత కట్టడి యుండగా, ప్రాణము తీయు యంత్రమును ఊహించువాడు విడుచుటతోనే తన చిత్రము పూర్తియైనదని ఎట్లు తలంచును?

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. తుపాకి గుండు మంత్రాస్త్రము కాదు. విడిచిన గుండును వెనుకకు పిలుచుట ఎవరి తరము? అట్లైన ఉపసంహారమను మాటకు అర్థమేమి? ఆక్షేపము సమంజసమే. రామబాణము కూడ ఊరక మరలినది కాదు. కాకాసురునిపై విడిచిన గడ్డిపోచ, అతడు శరణు జొచ్చినను వ్యర్థము కాలేదు. ఒక కంటిని గైకొని ప్రాణమును విడిచిపెట్టినది. సముద్రునిపై ఎక్కుపెట్టిన బ్రహ్మాస్త్రము మరియొక దిక్కునకు మరలింపబడినది. సాక్షాత్ శ్రీరామునకే విడుచుటయును, ఎక్కుపెట్టుటయును ఇంత బరువైన పనులు. కాబట్టి మరలింపరాని ఆయుధమున ఉపసంహారము విడుచుటకు ముందే జరుగవలెను. అది ఒకప్పుడు వ్యక్తి నిగ్రహముగా, ఒకప్పుడు రాజశాసనముగా, ఒకప్పుడు దేశముల ఒడంబడికగా నుండును.

ఇది కేవల ఆదర్శము కాదు, జరిగినదే. రష్యాలో 1863లో మందుగుండు బండ్లను పేల్చుటకు ఒక పేలుడు గుండును కనిపెట్టిరి. 1867లో దానిని మార్చగా, మెత్తని వస్తువును తాకినను పేలునదయ్యెను. అనగా మనుష్యుని దేహములోనే పేలును. దానిని కనుగొనిన దేశమే దాని భయంకరత్వమును గుర్తించి, ఇతర దేశములను సెయింట్ పీటర్సుబర్గునకు పిలిచెను. 1868లో, 400 గ్రాముల లోపు బరువు గల పేలుడు గుండ్లను యుద్ధమున వాడరాదని అచట నిర్ణయించిరి. అటుపిమ్మట 1995లో వియన్నా నగరమున, మనుష్యుల కన్నులను శాశ్వతముగా పోగొట్టుటకై చేయు లేసరు ఆయుధములను నిషేధించిరి. అవి యుద్ధభూమికి ఇంకను రాకముందే ఆ నిషేధము వచ్చినది. ఊహలో పుట్టిన ఆయుధమును ఊహలోనే ఉపసంహరించుట సాధ్యమని ఇందువలన తెలియుచున్నది. మనుధర్మశాస్త్రము ఏడవ అధ్యాయమున రాజునకు చెప్పిన నియమములు ఈ మార్గములోనివే. మరుగున దాచిన ఆయుధమును, కొక్కెములు గల బాణమును, విషదిగ్ధమును, నిప్పు మండునదానిని వాడరాదని అచట కలదు. కొక్కెముల బాణము ఏల కూడదు? గుచ్చుకొనిన పిదప మాంసమును చీల్చక అది వెలికి రాదు. పెరికివేయుటకు వీలులేని బాణము, మరలింపరాని అస్త్రము, రెండును ఒక్క జాతివే.

మూడవ పరీక్ష వివేకము. ఆయుధమునకు ఎవరిని కొట్టవలెనో తెలియునా? ఈ కోరిక కూడ పాతదే. 1718లో ఇంగ్లండున జేమ్స్ పకిల్ అను న్యాయవాది ఒక తిరుగుడు తుపాకికి పేటెంటు పొందెను. క్రైస్తవులపై గుండ్రని గుండ్లు, తురకలపై చదరపు గుండ్లు వాడవలెనని అతడు అందు వ్రాసెను. చదరపు గుండు ఎక్కువ గాయము చేయునని అతని నమ్మకము. ఆ తుపాకి వ్యాప్తికి రాలేదు. యంత్రముగా అది ఫలింపకపోవుట అటుండనిండు; శత్రువు దేహమును మతమును బట్టి రెండు విధములుగా చీల్చదలచిన ఆ ఊహ కాగితముపై నున్నప్పుడే అధర్మము. ఊహకు పాపము అంటదనువారు ఈ చదరపు గుండును తలచుకొనవలెను.

నేటి ఊహ అంతకంటె ముందునకు పోయినది. మనుష్యుడు మీట నొక్కనక్కరలేకయే, యంత్రమే లక్ష్యమును ఎన్నుకొని చంపు ఆయుధములను గూర్చి దేశదేశములందు చర్చ జరుగుచున్నది. 2023 డిసెంబరున ఐక్యరాజ్యసమితి సాధారణసభ ఈ విషయమై ఆందోళనను తెలుపుచు తీర్మానము చేసినది. ఇది ఎక్కడనో దూరదేశపు ముచ్చటయని పల్లెవారు తలంపనక్కరలేదు. చెరకు తోటలలోను, మక్కజొన్న చేలలోను అడవిపందుల బెడద పడలేక కొందరు రాత్రివేళ చేని చుట్టు కరెంటు తీగ వేయుట తెలంగాణ పల్లెలకు తెలిసిన సంగతే. తీగకు పంది యనియు మనిషి యనియు తెలియదు. నీరు పెట్టుటకు తెల్లవారుజామున వచ్చిన పొరుగు రైతును అది చంపును. కొన్ని తావుల వేసినవానినే చంపినది. ఇది చట్టవిరుద్ధము; అంతకు మించి, చంపు నిర్ణయమును ప్రాణము లేని వస్తువునకు అప్పగించి ఇంటికి పోయి నిద్రించుట. రేపటి స్వయంచాలక ఆయుధమునకును, నేటి ఈ తీగకును తెలివిలో భేదముండవచ్చును. బాధ్యతను వదలుకొనుటలో భేదము లేదు.

ఇట్లనగా వైష్ణవులకు ఒక సందేహము తోచవచ్చును. శ్రీసుదర్శనము తానుగా పోయి శత్రువును దహించునది కదా? నిజమే. కాని సుదర్శనుడు జడవస్తువు కాడు. నిత్యసూరి, చేతనుడు, స్వామి సంకల్పమునకు అనుగుణముగా వర్తించు జ్ఞానస్వరూపుడు. అందుచేతనే ఆచార్యులు ఆయనను ఆయుధమని కొనియాడుటతో ఆగక, ఆళ్వారని సేవించిరి. శ్రీమద్భాగవతము నవమస్కంధమున అంబరీషోపాఖ్యానము చూడుడు. కృత్యను దహించిన చక్రము దుర్వాసుని వెంటాడెను. బ్రహ్మ కాపాడలేకపోయెను, రుద్రుడు కాపాడలేకపోయెను. శ్రీమహావిష్ణువు సైతము, తాను భక్తాధీనుడననియు, అంబరీషుని కడకే పొమ్మనియు చెప్పెను. ఏడాది తరువాత మహర్షి తిరిగి వచ్చువరకు రాజు నీటితోనే ప్రాణము నిలుపుకొని యుండెను. తనను చంపజూచినవాని కొరకే ఆయన చక్రమును ప్రార్థించెను; చక్రము శాంతించెను. ఆగుమని ప్రార్థించినచో వినగల చెవి ఆయుధమునకు ఉండవలెను. సుదర్శనమునకు ఆ చెవి కలదు. కరెంటు తీగకు లేదు. తానే గురి చూచుకొను యంత్రమునకును లేదు.

ఇప్పుడు బోధనునకు తిరిగి రావచ్చును. జినసేనుని ఆదిపురాణమున, భరతచక్రవర్తికిని అతని తమ్ముడైన బాహుబలికిని యుద్ధము తటస్థించెను. ఆ భరతుని తండ్రియైన ఋషభదేవుడు భాగవతము పంచమస్కంధమున శ్రీహరి అవతారముగా కీర్తితుడు. రెండు సేనలు నశించుట ఏలయని తలచి, మంత్రులు అన్నదమ్ములిద్దరే పోరవలెనని నిర్ణయించిరి. దృష్టియుద్ధము, జలయుద్ధము, మల్లయుద్ధము, ఈ మూడింట ఆయుధము లేదు. మూడింటను బాహుబలియే గెలిచెను. ఓడిన భరతుడు కోపముతో తన చక్రరత్నమును తమ్మునిపై విడిచెను. ఆ చక్రము బాహుబలికి ప్రదక్షిణము చేసి నిలిచిపోయెనే గాని అతనిని తాకలేదు. లోకములను జయించిన ఆయుధము తమ్ముని చంపుటకు సమ్మతింపలేదు. అన్నకు లేని వివేకము చక్రమున కనబడగా, గెలిచిన బాహుబలి విరక్తుడై రాజ్యమును విడిచి తపమునకు పోయెను.

ఏకచక్రపుర కథలో బకుడు ఊరివారి నుండి దినమునకొక బండెడు అన్నమును, రెండు దున్నలను, ఒక మనిషిని కప్పముగా గొనుచుండెను. కుంతి పంపగా వెళ్లిన భీముడు ఏ ఆయుధమును కొనిపోలేదు. బండిలోని అన్నము తానే తిని, బకునితో చెట్లు పెరికి పోరాడి, చివరకు చేతులతోనే వాని నడుము విరిచెను. జానకంపేట స్వామి కథ అందరెరిగినదే. హిరణ్యకశిపుడు వరము కోరుటలో నేటి ఆయుధశిల్పిని మించిన జాగ్రత్త చూపెను. నేలపై వలదు, నింగిని వలదు. పగలు వలదు, రేయి వలదు. లోపల వలదు, వెలుపల వలదు. నరునిచే వలదు, మృగముచే వలదు. ఏ ఆయుధముచేతను వలదు. ఒక్క సందైనను విడువలేదని అతడు తలచెను. స్వామి గోళ్లతో వచ్చెను. ప్రతి రక్షణకును ఊహకందని ఒక సందు మిగులును. ప్రతి ఆయుధమునకును ఎదురు పుట్టును. ఈ పరుగుపందెమున ఆఖరి గెలుపు ఎన్నడును ఉండదని ఆ దైత్యుని కథ చెప్పుచున్నది.

ఇంతమాత్రమున ఆయుధమే కూడదని తాత్పర్యము కాదు. శ్రీరాముడు కోదండపాణి, దుష్టశిక్షణ రాజధర్మము, సరిహద్దున నిలిచిన సైనికుని చేతిలో ఆయుధము లేనిచో గృహస్థుని పూజకు భద్రత లేదు. ఆయుధమును ఊహించువారందరును క్రూరులును కారు. 1862లో పేటెంటు పొందిన తన తిరుగుడు తుపాకితో ఒక్కడే నూరుమంది పని చేయగా సేనలు చిన్నవగుననియు, అందుచే చావులు తగ్గుననియు గాట్లింగ్ తలచినట్లు తానే వ్రాసెను. జరిగినది అది కాదు. సేనలు తగ్గలేదు, ఒక్కడు చంపగల సంఖ్య మాత్రము పెరిగెను. 1949లో సోవియట్ సైన్యము స్వీకరించిన రైఫిలును రూపొందించిన కలష్నికోవ్, మరణమునకు ముందు తమ మతాచార్యునకు లేఖ వ్రాసి, తాను చేసిన తుపాకి వలన పోయిన ప్రాణముల పాపము తనకు అంటునా అని వేదనతో అడిగెను. మాతృభూమి రక్షణ కొరకు చేసితినన్న ధైర్యము తొంబదియేండ్లు దాటిన వృద్ధుని అంతరాత్మకు చాలకపోయెను.

ఆయన ప్రశ్నకు భారతము ద్రోణుని రూపమున కొంత సమాధానము చెప్పుచున్నది. కుమారుని చపలత్వము ద్రోణునకు తెలియును. అయినను వాని ఒత్తిడికి లొంగి, సంతోషము లేకయే బ్రహ్మశిరమును ఉపదేశించి, మనుష్యులపై ప్రయోగింపవలదని మాత్రము హెచ్చరించెను. హెచ్చరికతో తన బాధ్యత తీరినదని ఆచార్యుడు తలచియుండవచ్చును. తీరలేదని ఉత్తర గర్భము సాక్ష్యము చెప్పినది. ఇచ్చువానికి కీడు చేయు తలంపు లేకపోవచ్చును. కాని పుచ్చుకొనువాని స్వభావమును ఎరిగియు ఇచ్చుట దోషము. నేటి శిల్పికి పుచ్చుకొనువాడెవడో తెలియదు. కాగితముపై గీసినది ఎవని చేతికి పోవునో ఎరుగని స్థితిలో, ఆయుధములోనే నిగ్రహమునకు తావు కల్పించుట అతని ధర్మము కావలెను.

కాబట్టి నోటుపుస్తకమున ఎన్నడును లేని తుపాకిని గీసిన బాలుని పెద్దలు కసరనక్కరలేదు. ఊహ భగవద్దత్తము, దానిని అణచినచో అది మరుగున పెరుగును. ఆ బొమ్మను చేతికి తీసుకొని, బాగున్నదని మెచ్చుకొని, రామచంద్రుడు అడిగినదే వానిని అడుగవలెను: నాయనా, దీనిని ఆపుట ఎట్లు? ఎదుటివాడు శరణన్నచో ఇది వినునా? పొరపాటున పక్కింటి పిల్లవాడు అడ్డు వచ్చినచో దీనికి తెలియునా? దొంగ చేతికి చిక్కినచో ఏమగును? ఈ ప్రశ్నలకు సమాధానము గీయుటకు పూనుకొనిన బాలుడు మొదటిదానికంటె కష్టమైన బొమ్మ గీయవలసి వచ్చును. ఇంజనీరు దృష్టిలోను అదియే మెరుగైన బొమ్మ. పనికివచ్చునా అను ప్రశ్నయు, ధర్మమా అను ప్రశ్నయు అచట ఒకటే యగును.

శ్రీహరి ఆలయములకు పోవు యాత్రికులు ఈసారి స్వామిని సేవించునపుడు ఒక్క క్షణము హస్తములను గమనింతురుగాక. చతుర్భుజమూర్తియందు శంఖచక్రములు సాధారణముగా పై చేతులలో, వెనుకగా నుండును. భక్తునికి ఎదురుగా ముందునకు చాచినది ఆయుధము లేని చేయి. అది భయపడకుమని చెప్పుచున్నది. చక్రము ఉండియు ఆ చేయి ముందు నిలుచుటయే ఉపసంహారమునకు పరమార్థము.